కోడ్ నడుస్తోంది, బిల్లు ఆగింది: లైసెన్స్ ఎక్కడ అడ్డుపడింది?

సమస్య: ప్రోగ్రామ్ బాగానే నడుస్తోంది. కానీ కస్టమర్ "ఇందులో వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీలు, వాటి లైసెన్సుల జాబితా పంపండి, ఆ తర్వాతే బిల్లు" అంటున్నారు. (లైబ్రరీ అంటే ఇతరులు రాసిపెట్టిన, మనం కలుపుకునే కోడ్. లైసెన్స్ అంటే దాన్ని ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే పాఠం.)

హన్మకొండలో మా నలుగురి టీమ్‌కు సరిగ్గా ఇదే జరిగింది. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి తక్‌పట్టీలు రాసే వెబ్ ప్రోగ్రామ్ చేశాం. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర, హమాలీ పోను రైతు చేతికి ఎంత వస్తుంది, అన్నీ ఒక పీడీఎఫ్ చీటీలో వస్తాయి. జాబితా తీసి చూస్తే ఆ చీటీని తయారుచేసేది ఐటెక్స్ట్ 5 అనే లైబ్రరీ. దాని లైసెన్స్ ఏజీపీఎల్.

కారణం: ఐటెక్స్ట్ పాత వెర్షన్లు ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ అనే సడలింపు లైసెన్సుల కింద ఉండేవి; అవి మన సొంత కోడ్ ఇవ్వమని అడగవు. 5 నుంచి ఏజీపీఎల్ అయింది. వెర్షన్‌తో పాటు లైసెన్స్ కూడా మారుతుందని మాకు తట్టలేదు. "మనం కాపీ ఎవరికీ ఇవ్వలేదు కదా, అంతా మన సర్వర్‌లోనే ఉంది" అన్నాడు మా వాడొకడు. ఏజీపీఎల్‌కు మూలమైన జీపీఎల్ లైసెన్స్ అయితే ఆ మాట చెల్లుతుంది. ప్రోగ్రామ్ కాపీ ఇస్తేనే, అందుకున్నవాళ్లకు సోర్స్ (ప్రోగ్రామ్ రాసిన అసలు కోడ్) ఇవ్వాలి. ఏజీపీఎల్ పుట్టిందే ఆ సందు మూయడానికి. దాని మీద కట్టిన ప్రోగ్రామ్‌ను నెట్‌వర్క్‌లో వాడేవాళ్లకు కూడా సోర్స్ అందుబాటులో ఉంచాలి. గుమాస్తా బ్రౌజర్‌లో తక్‌పట్టీ తీసినా ఆ లెక్కలోకే వస్తుంది.

పరిష్కారం: మన సోర్స్ మొత్తం ఏజీపీఎల్ కింద ఇవ్వాలి, లేదా కమర్షియల్ లైసెన్స్ కొనాలి, లేదా లైబ్రరీ మార్చాలి. మేం ఓపెన్‌పీడీఎఫ్‌కు మారాం. అది ఐటెక్స్ట్ 4 నుంచి విడిపోయి వచ్చింది, లైసెన్స్ ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్. ఇంపోర్ట్ లైన్లలో ప్యాకేజీ పేర్లు మార్చగానే కోడ్ చాలావరకు కంపైల్ అయింది. టేబుల్ గళ్ల వెడల్పు సర్దడానికే ఎక్కువ టైమ్ పట్టింది.

లైబ్రరీ తీసేశాం కదా అని అప్పటిదాకా నడిపినదానికి బాధ్యత పోదు. ఆ సంగతి దాచకుండా కస్టమర్‌కు రాసి పంపాం. జీపీఎల్, ఏజీపీఎల్ మూడో వెర్షన్లలో ఒక వెసులుబాటు ఉంది: హక్కుదారు మొదటిసారి నోటీసు ఇచ్చాక 30 రోజుల్లో తప్పు సరిదిద్దితే వాడుకునే హక్కు శాశ్వతంగా తిరిగి వస్తుంది. జీపీఎల్ రెండో వెర్షన్‌లో ఇది లేదు.

సమస్య: కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో కోడ్ దొరికింది, లైసెన్స్ ఫైల్ లేదు.

ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లలు ఎక్కువగా పడేది ఇక్కడే. అందరికీ కనబడుతోంది కాబట్టి అందరిదీ అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనగానే చూస్తుంది. అనుమతి రాసి లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే. అక్కడే ఇష్యూ (రాసినవాళ్లకు సందేశం పెట్టే చోటు) తెరిచి, లైసెన్స్ చేర్చమని మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే ఆ కోడ్ వదిలేయండి.

సమస్య: ఎంఐటీ అనే తేలికైన లైసెన్స్ ఉన్న కోడే వాడారు, అయినా ఫిర్యాదు వచ్చింది.

బిల్డ్ చేసేటప్పుడు ఫైల్ సైజు తగ్గించే టూల్, కామెంట్లతో పాటు కాపీరైట్ నోటీసునూ తుడిచేసి ఉంటుంది. ఎంఐటీ అడిగేదల్లా ఆ నోటీసు, అనుమతి పాఠం కాపీతో పాటు ఉండాలనే. అన్ని నోటీసులనూ ఒక ఫైల్‌లో చేర్చి ప్రోగ్రామ్‌తో ఇవ్వండి.

ఫాంట్లనూ మర్చిపోకండి. తెలుగు ఫాంట్ 'మండలి' ఓఎఫ్‌ఎల్ అనే ఫాంట్ల ఓపెన్ లైసెన్స్‌లో వస్తుంది. ప్రోగ్రామ్‌లో కలిపి అమ్మవచ్చు, ఫాంట్‌ను విడిగా అమ్మకూడదు. దాని లైసెన్స్ పాఠం కూడా అదే ఫైల్‌లో చేర్చాలి.