గోదావరి డెల్టాలో వానలు నిజంగా మారాయా? మీ ఊరి లెక్క మీరే తీయండి

వానలు తగ్గాయో పెరిగాయో తేల్చాలంటే ఏడాది మొత్తం అంకె పనికిరాదు. మనకు నైరుతి జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఈశాన్యం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మొదటిది సార్వా (ఖరీఫ్ వరి) నాట్లకు ఊపిరి. రెండోది ఆ చేనే కోతకొచ్చాక తుపానై పనలను ముంచుతుంది. రెండూ కలిపి కూడితే నైరుతి లోటును ఒక్క నవంబరు తుపాను పూడ్చేసి, ఏడాది సాధారణమైనట్టు కనిపిస్తుంది. అందుకే రెండు కాలాలకూ వేరువేరు పట్టికలు వేయండి.

జిల్లా సగటు జోలికి పోవద్దు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఉభయ గోదావరి జిల్లాల్లో కలిశాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల సరిహద్దులే మారాయి. వాన మారకపోయినా సగటు మారిపోతుంది. ఒకే వర్షమాపకం లెక్క తీసుకోండి, కనీసం 30 ఏళ్లది, 50 అయితే మేలు. కాకినాడ, నరసాపురం వాతావరణ కేంద్రాల రికార్డులు ఇందుకు పనికొస్తాయి. మండలం లెక్క కావాలంటే 1985కు ముందువి తాలూకా పేరుతో వెతకాలి.

మాపకం పెట్టిన చోటు గురించి తప్పక అడగండి. పక్కనున్న చెట్టయినా గోడయినా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో మాపకం ఉండాలి. దగ్గర్లో నాటిన కొబ్బరి ఎదిగేకొద్దీ వాన తగ్గుతున్నట్టు రికార్డు చెబుతుంది! అలాగే ఖాళీ గడిని సున్నా అనుకోవద్దు. ఆ రోజు ఎవరూ కొలవలేదని అర్థం. ఖాళీలు ఎక్కువున్న నెలను పక్కన పెట్టేయాలి. కొలత ఉదయం 8:30కు తీస్తారు కాబట్టి సెప్టెంబరు 30 రాత్రి వాన అక్టోబరు 1 ఖాతాలో పడుతుంది.

ఇక లెక్క. ప్రతి కాలానికీ సగటు, ప్రామాణిక విచలనం (ఏటా వాన సగటుకు ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే అంకె) తీయండి. ఉదాహరణకు నైరుతి సగటు 700 మి.మీ., విచలనం 175 అనుకుందాం. మొదటి 25 ఏళ్ల సగటుకూ తర్వాతి 25 ఏళ్ల సగటుకూ తేడా చూడండి. విచలనాన్ని 0.08 (అంటే 1/25 + 1/25) వర్గమూలంతో (0.283) గుణించి రెట్టింపు చేస్తే దాదాపు 99 మి.మీ. వస్తుంది. తేడా అంతకన్నా తక్కువుంటే అది మార్పని చెప్పలేం, ఏటా ఉండే ఒడిదుడుకే కావచ్చు. చాలామంది తొందరపడేది ఇక్కడే: 1996 లాంటి తుపాను ఏడాది నుంచి గీత గీసి ఈశాన్యం తగ్గిపోయిందంటారు. 11 ఏళ్ల చలన సగటు (ప్రతి ఏడాదికీ దాని ముందు అయిదు, వెనక అయిదు ఏళ్లతో కలిపిన సగటు) వేస్తే ఆ పొరపాటు జరగదు. కాకపోతే రెండు చివరలా అయిదేసి ఏళ్లు పోతాయి.

ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కే) ఏళ్లను గుర్తు పెట్టుకోండి గానీ దాన్నే కారణంగా తేల్చేయకండి. 2002, 2009లో దేశమంతా కరవు. ఎల్ నినో ఎంతో బలంగా ఉన్న 1997లో మాత్రం దేశంలో నైరుతి సాధారణంగానే ముగిసింది.

మొత్తం మారకపోయినా వాన తీరు మారొచ్చు. 2.5 మి.మీ. పైబడిన రోజులు (వాన రోజులు), 64.5 పైబడిన రోజులు (భారీ వాన రోజులు) విడిగా లెక్కించండి. మొదటివి తగ్గి రెండోవి పెరిగితే నారుమడి ఎండుతుంది, చేను మునుగుతుంది, సగటు మాత్రం కదలదు.

కాలువ నీటితో ఈ లెక్కను కలపకండి. మన కాలువలకు నీళ్లిచ్చే ధవళేశ్వరం ఆనకట్టకు చేరేది చాలావరకు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణల వాన. దాళ్వాకు (రబీ వరికి) సీలేరు జలాశయాల నీళ్లూ కలుస్తాయి. ఊళ్లో చినుకు లేకున్నా కాలువ నిండుగా పారొచ్చు.

64.5 దాటిన రోజులు అక్టోబరు ఆఖరున ఎక్కువగా కనిపిస్తే, కోత ఆలోపే అయ్యేలా తక్కువ కాలపు రకం ఎంచుకోండి. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క సెప్టెంబరులోనే తీయించండి.