పరుగు పాఠాలు – 4: వాచీ కొనే ముందు ఎనిమిది రౌండ్లు

పరుగెత్తిన దూరాన్నీ గుండె వేగాన్నీ చూపే వాచీని ఎలా ఎంచుకోవాలో, ఎలా పరీక్షించాలో ఈ పాఠంలో చూద్దాం. పోయిన పాఠంలో మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి నాడి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చవేయడం ఈపాటికి అలవాటై ఉండాలి. కాకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ఇంకో వారం అదే చేయండి. వాచీల దుకాణం ఎక్కడికీ పోదు, పండగ తగ్గింపులూ మళ్లీ వస్తాయి. నాడి చూసుకోవడం రానివాళ్లకు వాచీ చెప్పిందే వేదం. అది ఎప్పుడు తప్పు చెబుతోందో పట్టుకోవడం ఈ పాఠంలో సగం పని.

మా మేనల్లుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. రోజూ తెల్లవారకముందే హనుమకొండ జేఎన్ఎస్‌కు (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) వస్తాడు. ఒక రోజు ఫోనులో రెండు వాచీలు చూపించి, "మామా, ఈ రెండిట్లో ఏది తీసుకోమంటావు?" అన్నాడు. ఒకదానిలో వంద రకాల ఆటలు, రెండోదానిలో నిద్ర లెక్క, ఒత్తిడి లెక్క, రక్తంలో ఆక్సిజన్ లెక్క. రెండూ బాగానే మెరుస్తున్నాయి.

"వాచీని నువ్వు ఏం అడగబోతున్నావు?" అన్నాను.

"అడగడమేమిటి మామా?"

అదే అసలు సంగతి. తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్ ప్రకారం ఈవెంట్స్‌లో (దేహదారుఢ్య పరీక్షల్లో) మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద మగవాళ్లకు నాలుగు రౌండ్లు, రౌండుకు 108 సెకన్ల పైచిలుకు. ఆడవాళ్లకు రెండు రౌండ్లు, రౌండుకు 160 సెకన్లు. (మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి పారిస్ పారాలింపిక్స్‌లో ఇదే ఒక్క రౌండును 55.82 సెకన్లలో చుట్టి కాంస్యం తెచ్చింది. మావాడికి ఇది అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటాను.) రౌండు ఎన్ని సెకన్లు పట్టిందో తెలియడానికి జీపీఎస్ ఎందుకు? ఫోనులో ఉన్న స్టాప్‌వాచ్ చాలు. ఈవెంట్స్ కోసమే అయితే వాచీ డబ్బులు మంచి బూట్లకు పెట్టండి.

వాచీ అవసరం ట్రాక్ బయట మొదలవుతుంది. వారంలో నాలుగు రోజులు మెల్లగా పరుగెత్తాలని రెండో పాఠంలో చెప్పుకున్నాం. భద్రకాళి చెరువు కట్ట మీదో, కాకతీయ విశ్వవిద్యాలయం రోడ్ల మీదో ఆ పరుగు. అక్కడ మీటర్ల గుర్తులు ఉండవు, పక్కన ఎవరైనా దాటిపోతే మనకు తెలియకుండానే కాళ్లకు పౌరుషం వస్తుంది. ఎంత దూరం వచ్చాను, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది అన్న ఈ రెండు ప్రశ్నలకు నమ్మదగిన జవాబు ఇచ్చేదే మనకు కావాల్సిన వాచీ. మిగిలినవన్నీ అట్టపెట్టె మీద రాసుకోవడానికి పనికొస్తాయి.

ముందు దూరం సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ అణుగడియారాల సమయాన్ని ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం ఎంత ఆలస్యంగా అందిందో చూసి వాచీ ఒక్కో ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్కకడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. మూడు మన చోటు చెప్పడానికి, నాలుగోది వాచీలోని చవక గడియారం తప్పును సరిదిద్దడానికి. సెకనులో పదిలక్షల వంతు తేడా వస్తే చాలు, లెక్క 300 మీటర్లు తప్పుతుంది. ఇప్పుడు ఆ సంకేతం నేరుగా రాకుండా ఎదురుగా ఉన్న గోడకు తగిలి వచ్చిందనుకోండి. దారి పెరిగింది, ఆలస్యం పెరిగింది, వాచీ మిమ్మల్ని రోడ్డు అవతల నిలబెట్టింది. మ్యాపులో మీ పరుగు ఇళ్ల గోడల్లోంచి దూరిపోయినట్టు కనిపించేది ఇందుకే.

ఈ బెడద తగ్గించడానికే రెండు బ్యాండ్ల వాచీలు, అంటే ఉపగ్రహాల సంకేతాన్ని రెండు ఫ్రీక్వెన్సీల్లో వినేవి, వచ్చాయి. పాత వాచీలు 1575.42 మెగాహెర్ట్జ్ ఒక్కదాన్నే వింటే, ఇవి 1176.45 మెగాహెర్ట్జ్ కూడా విని, నేరుగా వచ్చిన సంకేతాన్ని గోడకు తగిలి వచ్చినదాని నుంచి మరింత బాగా విడదీస్తాయి. గార్మిన్ కంపెనీ వాచీల్లో ఫోర్‌రన్నర్ 55 ఒక బ్యాండుది, 255 రెండు బ్యాండ్లది. కోరోస్ పేస్ 3 కూడా రెండు బ్యాండ్లదే. ఖర్చు పెంచేముందు మీరు పరుగెత్తే చోట తల ఎత్తి చూడండి. చెరువు కట్ట మీద ఆకాశం పళ్లెంలా తెరిచి ఉంటుంది, అక్కడ ఒక బ్యాండు ధారాళంగా సరిపోతుంది. రోజూ చౌరస్తా సందుల్లో భవనాల మధ్యనో, దట్టమైన చెట్ల కిందనో పరుగెత్తేవాళ్లకే రెండో బ్యాండు ఖరీదుకు తగ్గ లాభం. నా లెక్కలో వరంగల్ వాళ్లలో ఎక్కువమందికి అది అక్కర్లేదు. ఒక బ్యాండు వాచీలోనైనా గ్లోనాస్ (రష్యావి), గెలీలియో (యూరప్‌వి) ఉపగ్రహాలను కూడా కలిపి వాడే వీలు ఉంటే దాన్ని ఎంచుకోండి.

ఒక్క మోసం మాత్రం చూసుకోవాలి. నేను చేతికి కట్టుకోవడానికి కొన్న మొదటి ఫిట్‌నెస్ పట్టీ పెట్టె మీద 'జీపీఎస్' అని పెద్ద అక్షరాలే ఉన్నాయి. ఫోను ఇంట్లో వదిలి ఐదు కిలోమీటర్లు వెళ్లి వస్తే 5.8 చూపింది. మ్యాపు లేదు. అప్పుడు తెలిసింది, దానిలో జీపీఎస్ లేదు, జేబులో ఫోను ఉంటే దాని జీపీఎస్‌ను అరువు తెచ్చుకుంటుంది, లేకపోతే అడుగులు లెక్కపెట్టి ఊహిస్తుంది. అందుకే దుకాణంలో అడగాల్సిన మాట ఇది: "ఫోను లేకుండా మ్యాపు గీస్తుందా?" సూటిగా అవునని జవాబు రాకపోతే పెట్టె తిరిగి ఇచ్చేయండి.

ఇక గుండె సంగతి. దీనికి కొంచెం ఓపిక కావాలి.

వాచీ వెనక ఆకుపచ్చ దీపాలు వెలుగుతుంటాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం ఒక్క క్షణం పెరుగుతుంది, తిరిగి వచ్చే కాంతి ఆ క్షణం తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను వాచీ లెక్కపెడుతుంది. కదలకుండా కూర్చుంటే చాలా వాచీలు బాగానే లెక్కపెడతాయి. పరుగులో చేయి ఊగుతుంది, వాచీ చర్మం మీద ఎగిరి పడుతుంది, ఆ కుదుపు కూడా కాంతిలో హెచ్చుతగ్గులే తెస్తుంది. అప్పుడు వాచీ గుండెను వదిలేసి అడుగులను పట్టుకుంటుంది.

ఇది మా కళ్లముందే జరిగింది. మావాడు స్నేహితుడి వాచీ అరువు తెచ్చుకుని నాతో పాటు కట్ట మీద మెల్లగా పరుగెత్తుతున్నాడు. కబుర్లు చెబుతూనే ఉన్నాడు, ఆయాసం లేదు. "మామా, నా గుండె 172" అన్నాడు కంగారుగా. ఆగమన్నాను. ఆగీ ఆగగానే మెడ మీద వేళ్లు పెట్టి పది సెకన్లు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. అంటే 144. మళ్లీ అదే వేగంతో పరుగెత్తమని, ఈసారి కుడికాలు ఎన్నిసార్లు నేలకు తగిలిందో అర నిమిషం లెక్కపెట్టమన్నాను. నలభై మూడు. నిమిషానికి ఎనభై ఆరు, రెండు కాళ్లకూ కలిపి 172. వాచీ చూపిన అంకె అదే! అది గుండెను కాదు, బూట్లను లెక్కపెడుతోంది.

పట్టీ చూస్తే మణికట్టు ఎముక మీద గాజులా వేలాడుతోంది. ఎముక నుంచి ఒక వేలు వెడల్పు పైకి జరిపి, చర్మం మీద జారకుండా బిగించాడు. రక్తం ఆగేంత బిగింపు వద్దు, పరుగు అయ్యాక ఒక రంధ్రం వదులు చేసుకోవచ్చు. రెండు నిమిషాల్లో అంకె 146కు దిగింది. కాబట్టి వాచీని తిట్టేముందు పట్టీని చూడండి. ఎంచుకునేటప్పుడు కూడా బరువు తక్కువ, వెనక భాగం చదును, పట్టీకి దగ్గర దగ్గరగా రంధ్రాలు లేదా అంటుకునే గుడ్డ పట్టీ ఉన్నవి వెతకండి. సన్నని మణికట్టు మీద బరువైన పెద్ద వాచీ ఎంత ఖరీదైనదైనా ఎగురుతుంది.

బిగించినా కొన్ని ఇబ్బందులు మిగులుతాయి. డిసెంబరు తెల్లవారుజామున చేతులు చల్లబడితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, మొదటి పది నిమిషాలు అంకెలు పిచ్చిపిచ్చిగా ఉంటాయి. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే సిరా కాంతిని మింగేస్తుంది. నలుపు చర్మంలోని మెలనిన్ కూడా కొంత మింగుతుంది, కాబట్టి పెద్ద ధరల వాచీకైనా పరీక్ష తప్పదు. ఇంకొకటి, 400 మీటర్లు వేగంగా పరుగెత్తి ఆగి మళ్లీ పరుగెత్తే రోజున మణికట్టు వాచీ వెనకబడుతుంది. మీరు రౌండు ముగించి వంగి ఊపిరి పీలుస్తున్నప్పుడు అది పైఅంకెకు చేరుతుంది.

అలాంటి పరుగులకు ఛాతీ పట్టీ మేలు. అది కాంతితో పనిలేకుండా గుండె విద్యుత్ సంకేతాలనే పట్టుకుంటుంది. కట్టుకునే ముందు లోపలి మెత్తని భాగాన్ని నీళ్లతో తడపాలి, అంతే. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ 1980ల నుంచి ఇలాంటివి చేస్తోంది. దాని హెచ్10 పట్టీ బ్లూటూత్, యాంట్ ప్లస్ (బ్లూటూత్ లాంటిదే మరో వైర్‌లెస్ పద్ధతి) రెండింటితోనూ వాచీతో మాట్లాడుతుంది. నా సలహా వింటే వాచీ ఒక మెట్టు తక్కువది తీసుకుని, మిగిలిన డబ్బు ఛాతీ పట్టీకి పెట్టండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని చవక వాచీలు ఛాతీ పట్టీతో అసలు కలవవు. కొనేముందే ఇది అడిగి తెలుసుకోండి.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పను. పెట్టె మీద ఎన్ని రోజులని ఉందో కాకుండా, జీపీఎస్ నడుస్తూ ఎన్ని గంటలో చూడండి. మనకు పది గంటలున్నా ఎక్కువే. మీటలు మాత్రం ముఖ్యం. మే నెలలో వేళ్లకు చెమట కారుతుంటే తాకే తెర మొరాయిస్తుంది. రౌండు గుర్తించడానికి, ఆపడానికి నొక్కే మీటలు ఉండాలి. ఎండలో తెర కనబడాలి, దుకాణం లోపల కాకుండా గుమ్మం బయటికి తెచ్చి చూడండి. పరుగు వివరాలను ఫైలుగా బయటికి తీసుకునే వీలు ఉంటే మంచిది, రేపు కంపెనీ మార్చినా మీ చరిత్ర మీ దగ్గరే ఉంటుంది.

ఈ వారం అభ్యాసం

గ్రౌండులో ఎవరి దగ్గరైనా వాచీ అరువు తీసుకోండి. లేదా తిరిగి తీసుకునే గడువు ఉన్నచోట కొని, ఆ గడువులోపే ఈ పరీక్ష చేయండి.

ముందు రోజు వాచీని ఫోనుతో కలపండి. ఉపగ్రహాలు ఎక్కడుంటాయో ముందుగా చెప్పే వివరాలు ఫోను ద్వారా వస్తాయి, కొన్ని రోజులకు పాతబడతాయి. జేఎన్ఎస్‌లో మైదానం మధ్య నిలబడి ఉపగ్రహాలు దొరికాయని వాచీ చెప్పాక ఇంకో నిమిషం ఆగండి. వాచీలో 'ట్రాక్ పరుగు' అని ఉంటే దాన్ని ఎంచుకోవద్దు. అది 400 మీటర్ల ట్రాక్ ఆకారాన్ని ముందే పెట్టుకుని తన తప్పులను దిద్దుకుంటుంది, పరీక్ష రాసే పిల్లవాడి చేతికి జవాబులు ఇచ్చినట్టు అవుతుంది. మామూలు బయటి పరుగునే ఎంచుకోండి. ఆగినప్పుడు దానంతట అది ఆగిపోయే సదుపాయం ఉంటే తీసేయండి.

ఒకటో లేన్‌లో ఎనిమిది రౌండ్లు, 3200 మీటర్లు. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన ట్రాక్ అది, దాని కొలత మీద అనుమానం పెట్టుకోవద్దు. అయితే 400 మీటర్ల లెక్క లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో కొలిచింది. మీరు ఇంకో 30 సెంటీమీటర్లు బయటికి జరిగి పరుగెత్తితే రౌండుకు దాదాపు 1.9 మీటర్లు, ఎనిమిది రౌండ్లకు 15 మీటర్లు పెరుగుతాయి. రెండో లేన్‌లో అయితే రౌండే 407 మీటర్లు. ఆ తప్పు వాచీ మీద వేయకండి. ప్రతి రౌండుకూ గీత దగ్గర మీట నొక్కండి. ఎనిమిదో రౌండు గీత దాటగానే వాచీలో గుండె అంకె చూసి, వెంటనే మెడ మీద పది సెకన్లు లెక్కపెట్టండి. చేతి లెక్కలో ఒక్క దెబ్బ తప్పితే ఆరు తేడా వస్తుంది, కాబట్టి అంత తేడా ఉంటే పట్టించుకోవద్దు. పన్నెండు, పదిహేను తేడా ఉంటే పట్టీ సరిచేసి మర్నాడు మళ్లీ చేయండి. మర్నాడూ అంతే ఉంటే వాచీ తిరిగి ఇచ్చేయండి.

దూరంలో 32 మీటర్ల లోపు తేడా అంటే ఒక శాతం, చాలా బాగుంది. 64 దాకా సర్దుకోవచ్చు, ఎందుకంటే వరసగా వంపులు తిరిగే ట్రాక్ జీపీఎస్‌కు కష్టమైన పరీక్ష. తేడా అంతకు మించితే కట్ట మీద నేరుగా ఉన్న దారిలో కూడా ఒకసారి చూసి నిర్ణయించండి. మావాడు చివరికి కొన్న కిందటి తరం ఒక బ్యాండు వాచీ 3.24 కిలోమీటర్లు చూపింది. రౌండ్లన్నీ లేన్ మధ్యలోంచే పరుగెత్తాడని నేను గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను.

రౌండుకు పట్టిన సెకన్లు, చివర వాచీ చూపిన గుండె అంకె, మెడ లెక్క అంకె, మొత్తం దూరం, ఈ నాలుగూ తారీఖు వేసి నోటుపుస్తకంలో రాయండి. వాచీ మీ వయసు అడిగి, దాన్ని 220 నుంచి తీసివేసి, వచ్చిన అంకెను గుండె గరిష్ఠ వేగంగా పెట్టేసి ఉంటుంది. ఆ అంకెను ఇప్పుడే ముట్టుకోవద్దు. ఐదో పాఠంలో మీ అసలు అంకె కనుక్కుని అక్కడ మారుద్దాం, అందుకు ఈ ఎనిమిది రౌండ్ల లెక్క కావాలి.