గుండెకి బైపాస్ అయ్యాక ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్ట్ ఎలా చదవాలి

ముందు డిశ్చార్జ్ సమ్మరీ తీసి ఆపరేషన్ ఆన్ పంపా (గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషిన్ మీద పెట్టి చేసిందా) ఆఫ్ పంపా (ఆ మెషిన్ లేకుండా చేసిందా) చూడండి. ఆన్ పంప్ అయితే మామూలుగా అయోర్టాకి (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికి) క్లాంప్ పెట్టి, పొటాషియం ఉండే కార్డియోప్లీజియా ద్రవం ఎక్కించి గుండెని ఆపి చేస్తారు, ఆ క్లాంప్ టైమ్ పెరిగేకొద్దీ కండరం మీద ఒత్తిడి పెరుగుతుంది, అందుకే మొదట్లో పంపింగ్ కాస్త తగ్గినా చాలామందిలో గంటల్లోనో రోజుల్లోనో కోలుకుంటుంది.

ఆఫ్ పంప్ అంటే గుండె కొట్టుకుంటుండగానే, కుట్టే చోటు మాత్రం స్టెబిలైజర్‌తో కదలకుండా పట్టి చేస్తారు. అదే గొప్ప అనుకోకండి, నా లెక్కలో సర్జన్‌కి ఏది బాగా అలవాటో అది ముఖ్యం.

ఇక ఎకోలో, ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు గుండె ఎడమ జఠరిక తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో చెప్పే ఈఎఫ్‌ని ఆపరేషన్‌కి ముందు రిపోర్ట్‌తో పక్కపక్కన పెట్టి చూడండి, మామూలుగా 55 శాతం పైన ఉంటే నార్మలే. సెప్టల్ మోషన్ (గుండె గదుల మధ్య గోడ కదలిక) అబ్‌నార్మల్ అని కనిపిస్తే భయపడిపోవద్దు ప్లీజ్, ఛాతీ, పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే పొర) తెరిచాక ఇది చాలామందికి వస్తుంది, అదొక్కటే చూసి కండరం పాడైందని అనుకోలేం. ట్యాప్సీ (కుడి జఠరిక పంపింగ్‌ని చూపే కొలత) తగ్గడం కూడా అంతే. అయినా ఒకసారి కార్డియాలజిస్ట్‌కి చూపించండి.

ఎల్ఏడీకి (గుండె ముందువైపు ప్రధాన రక్తనాళానికి) లిమా (ఛాతీ లోపలి ఎడమ ధమని) వేశారా అని కూడా అడగండి, కాలి సిర కంటే అది ఎక్కువ ఏళ్లు తెరుచుకుని ఉంటుంది.

ఆయాసం, కాళ్ల వాపు, ఒక్కసారిగా బరువు పెరగడం ఉంటే మాత్రం రిపోర్ట్ ఎలా ఉన్నా ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.