పడుకునే ముందు అమ్మానాన్నల ప్రేమ చెప్పే బొమ్మల పుస్తకం చదవడం ఎలా?

మన ఇళ్లలో పిల్లల్ని రోజుకు పదిసార్లు "తిన్నావా?" అని అడుగుతాం. "నువ్వంటే నాకు ఎంత ఇష్టమో" అని నోరు తెరిచి చెప్పాలంటే మాత్రం చాలామందికి మొహమాటం. నాకూ ఉండేది. ఆ మాట మొదట బొమ్మల పుస్తకంలోని కుందేలు నోటి నుంచి వస్తే, మన నోటికీ మెల్లగా అలవాటవుతుంది. మా పాపకి రెండేళ్లుగా చదువుతూ నేను నేర్చుకున్న పద్ధతి ఇది.

1. పిల్లల మనసులో ఏముందో చూసి పుస్తకం ఎంచుకోండి

అమ్మో నాన్నో షిఫ్టు ముగించుకుని ఆలస్యంగా వచ్చే ఇంటికి మార్టిన్ వాడెల్ రాసిన "ఔల్ బేబీస్" (1992) సరిగ్గా సరిపోతుంది. మూడు గుడ్లగూబ పిల్లలకు రాత్రి మెలకువ వస్తుంది. చూస్తే అమ్మ లేదు. అన్నింటికన్నా చిన్నది అమ్మ కావాలన్న ఒక్కమాటే పట్టుకుంటుంది. చివరికి అమ్మ వస్తుంది. గుడ్లగూబ అపశకునమని ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరం చెబితే, పుస్తకం వాళ్ల చేతికే ఇచ్చి ఆ చివరి బొమ్మలు చూపించండి.

అలిగి "నేను వెళ్లిపోతా" అనే వయసు పిల్లలకు మార్గరెట్ వైజ్ బ్రౌన్ "ది రనవే బన్నీ" (1942) బాగుంటుంది. ఇద్దరూ కలిసి ఆడినట్టు చదవాలంటే, ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టమో రెండు కుందేళ్లు పోటీపడి చెప్పుకునే శామ్ మెక్‌బ్రాట్నీ "గెస్ హౌ మచ్ ఐ లవ్ యు" (1994) తెచ్చుకోండి.

తెలుగులోనే కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. అచ్చు పుస్తకాలకు "మంచి పుస్తకం", "తూలిక" సంస్థల ప్రచురణలు చూడండి.

2. ముందు మీరొక్కరే చదివి, తెలుగు మాటలు అనుకోండి

ఇంగ్లిష్ పుస్తకమైతే వాక్యం చదివి, దానికి అర్థం చెప్పే పద్ధతి వద్దు. పాఠం చెప్పినట్టవుతుంది, నిద్ర కూడా చెడుతుంది. కథంతా మీ ఇంటి తెలుగులోనే చెప్పేయండి. కుందేళ్లకు "బుజ్జి కుందేలు, పెద్ద కుందేలు" అని పేర్లు పెట్టుకుంటే చాలు. పిల్లని పెంచుతున్నది అమ్మమ్మ అయితే పెద్ద కుందేలు అమ్మమ్మే.

3. పక్క వేశాక, ఫోన్ వేరే గదిలో పెట్టి, చిన్న లైటు వేసుకోండి.

4. బొమ్మ ముందు, మాట తర్వాత

పేజీ తిప్పగానే మాట్లాడకండి. పిల్లల కళ్లు బొమ్మంతా తిరిగి రానివ్వండి. పెద్దవాళ్లం అక్షరాలు చూస్తాం కాబట్టి మనకు కనబడనివి వాళ్లకు కనబడతాయి.

"గెస్ హౌ మచ్ ఐ లవ్ యు"లో బుజ్జి కుందేలు చేతులు బార్లా చాపి తన ఇష్టం ఎంతో చూపించే పేజీ దగ్గర పుస్తకం ఒళ్లో పెట్టేసి, మీరూ చేతులు చాపండి. తెలుగులో "ఇంత" అన్న మాట చేతులు కదలకుండా రాదు. "ఇంతా..." అని సాగదీసి పిల్లని అననివ్వండి. తర్వాత పెద్ద కుందేలు వంతు. దాని చేతులు పొడుగు కదా! అక్కడి నుంచి కుందేళ్లు ఎత్తు కొలుస్తాయి, గెంతు కొలుస్తాయి, ఏరు దాటి కొండల దాకా పోతాయి, చివరికి చందమామ దాకా.

ఒక రాత్రి ఏటి పేజీ దగ్గర ఆగి "మరి నీకెంత ఇష్టం?" అని అడిగాను. మా పాప కాసేపు ఆలోచించి, "అమ్మమ్మ వాళ్ల ఊరంత" అంది. అక్కడికి రాత్రంతా రైల్లో వెళ్తాం. అంతకన్నా దూరం తనకు తెలియదు. ఇలాంటి జవాబు వస్తే సరిదిద్దకండి. మర్నాటి నుంచి కథలో ఆ ఊరు కూడా చేర్చేయండి.

5. ఊ కొట్టించండి

"ఊ" చురుగ్గా వస్తుంటే గొంతు తగ్గించండి. ఆగి ఆగి వస్తుంటే నిద్ర దగ్గరపడినట్టే. ఇక ప్రశ్నలు వేయకండి.

6. లైటు తీశాక కథను నోటితో కొనసాగించండి

"ది రనవే బన్నీ"లో పిల్ల ఏ రూపంలోకి మారతానన్నా తల్లి దానికి తగిన రూపం ఎత్తుతుంది. ఈ ఆట చీకట్లో ఎంత బాగుంటుందో! "నేను పిచ్చుకనైపోతా" అంటే "నేను చింతచెట్టునవుతా, వచ్చి వాలు" అనండి. "గాలిపటాన్నైపోతా" అంటే "దారం నా చేతిలోనే ఉంటుంది". పగలు అరిచి, కోప్పడిన రోజున మాత్రం ఈ ఆట తప్పక ఆడండి.

అదే పుస్తకం నెలంతా అడిగినా అదే చదవండి. చివరి పేజీ రాకముందే నిద్రపోతే పుస్తకం మూసేయకండి. "గెస్ హౌ మచ్ ఐ లవ్ యు"లో కూడా బుజ్జి కుందేలు కళ్లు మూసుకున్నాకే పెద్ద కుందేలు ఆకుల పక్కమీద దాని పక్కన ఒరిగి, చందమామ దాకా వెళ్లి మళ్లీ వచ్చేంత ఇష్టమని గుసగుసగా చెబుతుంది. మీరూ దుప్పటి సరిచేసి, ఆ మాట చెవిలో చెప్పి లేవండి.