తిరుపతి యూనివర్సిటీల్లో జతగాళ్ళకి తోడు నిలబడాలంటే ఏం చేయాల

మన తిరుపతిలో యూనివర్సిటీలకేం కరువు లేదు, ఎస్వీయూ 1954 నుంచి ఉండాది, మహిళా యూనివర్సిటీ 1983 నుంచి, ఏర్పేడు పక్క ఐఐటీ, సైన్స్ చదువులకి ఐసర్. కుప్పం నుంచి సూళ్ళూరుపేట దాకా పిల్లలొచ్చి పడతారు, ఒకరు తమిళ మీడియం, ఒకరు ఉర్దూ మీడియం, ఒకరి ఇంట్లో కాలేజీ గేటు చూసిన మొదటి మనిషే వాడు. వీళ్ళకి సాయం చేద్దామని మన క్లాసులో చాలామందికి ఉంటుంది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు, అందుకే నేను ఎమ్మే చదివిన రెండేళ్ళలో తెలుసుకున్నది రాస్తా ఉండా.

మా రూమ్మేట్‌ది పలమనేరు పక్క, చూపు బాగా తక్కువ. ఫస్ట్ సెమిస్టర్‌లో వాడికి స్క్రైబ్‌గా, అంటే వాడు చెప్తా ఉంటే పరీక్ష రాసిపెట్టడానికి, వచ్చిన అబ్బాయి మంచోడే పాపం, కానీ హిస్టరీ పేర్లు ఒక్కటీ రాయలేడు, ఫిరోజ్ షా తుగ్లక్ అని రాయించడానికి మావాడు ఒక్కో అక్షరం చెప్పుకుంటా కూర్చోవాల్సొచ్చింది, ఒంటిగంట కొట్టగానే ఇన్విజిలేటర్ పేపర్ లాక్కున్నాడు. ఇట్లాంటోళ్ళకి గంటకి కనీసం 20 నిమిషాలు ఎక్స్‌ట్రా ఇవ్వాలని సెంట్రల్ గవర్నమెంట్ 2018 గైడ్‌లైన్స్‌లో ఉండాది, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. ఆ సంగతి మాకూ తెలీదు, ఆ సారుకీ తెలీదు.

కాబట్టి ఫస్ట్ పని సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం. సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ బుక్ చేసుకుని చెప్పిన రోజు హాస్పిటల్‌కి పోవాల, తిరుపతిలో అయితే రుయా. స్లాట్ దొరకడానికే టైం పడుతుంది, అడ్మిషన్ అయిన వారంలోనే మొదలుపెట్టండి, ఎగ్జామ్ ఫీజు కట్టేటప్పుడు గుర్తొస్తే లాభం లేదు. వైకల్యం 40 శాతం అంతకన్నా ఎక్కువ వస్తే గవర్నమెంట్ కాలేజీల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్‌కి కూడా అదే కాగితం. ఇంకోటి, వికలాంగులు అంటే కర్ర పట్టుకున్నోళ్ళే అనుకోవద్దు, 2016 చట్టంలో 21 రకాలు ఉండాయి, డిస్లెక్సియా ఉంది, తలసేమియా ఉంది, బయటికి ఏమీ కనపడవు.

రెండోది లెటర్. ఎగ్జామ్‌కి నెల ముందే హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) ద్వారా ఎగ్జామ్స్ చూసుకునే కంట్రోలర్‌కి, ఏం కావాలో ఒక్కొక్కటే రాయండి: స్క్రైబ్, ఎక్స్‌ట్రా టైం, గ్రౌండ్ ఫ్లోర్‌లో రూము. "తగు సహాయం చేయగలరని ప్రార్థన" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. రెండు కాపీలు తీసుకుపోయి మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు (లెటర్ ఆఫీసుకి అందినట్టు వేసే నంబరు), స్టాంపు వేయించుకోండి. నోటితో "చూస్తాంలే అప్పా" అన్నదానికి విలువ లేదు, స్టాంపుకి ఉండాది. సెల్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

నోట్స్ విషయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గ్రూపులో నోట్‌బుక్ పేజీలు ఫోటోలు తీసి పడేస్తాం కదా, చూపు లేనోళ్ళకి తెర మీదుండేది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చేతిరాతని చదవలేదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన తెలుగు మెటీరియల్ ఇంకా ఘోరం, దాన్ని కంప్యూటర్ చదివితే పిచ్చి కూతలు వస్తాయి, ఎందుకంటే లోపల ఉండేది తెలుగు అక్షరాలు కాదు. యూనికోడ్‌లో, అంటే సెల్‌లో తెలుగు కొట్టినట్టే, టైప్ చేయండి, లేదా గట్టిగా చదివి వాయిస్ రికార్డు పెట్టండి, చాలు. రోడ్డు దాటించేటప్పుడు కూడా చెయ్యి పట్టి లాగొద్దు, సాయం కావాలా అని అడిగి మీ మోచెయ్యి ఇవ్వండి, వాళ్ళే పట్టుకుంటారు.

ఇక కులం. నేరుగా ఎవరూ అడగరు, "ఇంటిపేరేంది, ర్యాంకెంత" అని అడుగుతారు, దాంట్లోనే కులమేది, రిజర్వేషన్ సీటా కాదా అని మొత్తం లెక్క కట్టేస్తారు. కొత్తగా వచ్చినోళ్ళని ర్యాంకు అడగడం మానేస్తే సగం పీడ పోతుంది. అంతకు మించి ఎవడన్నా కూస్తే తేదీ, టైం, అక్కడుండిన వాళ్ళ పేర్లు అదే రోజు రాసిపెట్టుకోండి. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2023 రూల్స్ ప్రకారం ప్రతి కాలేజీలో స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీ, అంటే పిల్లల ఫిర్యాదులు వినే కమిటీ, ఉండాల, 15 వర్కింగ్ డేస్‌లో రిపోర్ట్ ఇవ్వాల, నచ్చకపోతే 15 రోజుల్లోపల అంబుడ్స్‌పర్సన్‌కి (ఆ అప్పీళ్ళు వినే పెద్దమనిషికి) అప్పీలు. ఫీజు బాకీ అని ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటే అదీ గ్రీవెన్సే, పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

అమ్మాయిలని ఎవరన్నా ఇబ్బంది పెడితే ఇంటర్నల్ కమిటీ వేరే ఉండాది, జరిగిన మూడు నెలల్లోపల కంప్లైంట్ రాసివ్వాల. తోడు పోండి గానీ, ఆ అమ్మాయి సరే అనకుండా మీరు హీరోలాగా ముందుకి దూకి కంప్లైంట్ ఇవ్వొద్దు, ఊర్లో వాళ్ళమ్మానాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తారేమో అనే భయం ఆ పిల్లకి ఉంటుంది. ర్యాగింగ్‌కి హెల్ప్‌లైన్ 1800-180-5522. మనసు బాగలేక రాత్రిళ్ళు నిద్రపోనోళ్ళకి గవర్నమెంట్ హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

మావాడికి సెకండ్ సెమిస్టర్‌లో స్టాంపు వేసిన కాగితం చూపించినాం, గంట ఎక్స్‌ట్రా ఇచ్చినారు, హిస్టరీ తెలిసిన జూనియర్ స్క్రైబ్‌గా కూర్చున్నాడు. రెండు గంటలకి బయటికొచ్చి వాడు అడిగిన మొదటి మాట, "మెస్ మూసేసినారా రా?" మూసేసినారు. దానికి వార్డెన్‌కి ఇంకో లెటర్ రాసినాం, రెండు కాపీలు.