దవడ పరికరంతో నా స్లీప్ ఆప్నియా అదుపులోకి వచ్చిన తీరు

నిద్రలో గంటకు 22 సార్లు నా శ్వాస ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని స్లీప్ స్టడీలో తేలింది. 15 నుంచి 30 మధ్య ఉంటే దానిని మధ్యస్థ తీవ్రత అంటారు. నిద్రలో గాలిని ఒత్తిడితో పంపి శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రపు మాస్కును ఎంత ప్రయత్నించినా భరించలేకపోవడంతో, వైద్యులు నన్ను దంతవైద్యురాలి వద్దకు పంపారు. ఆమె నా పళ్ల అచ్చులు తీసుకొని, కింది దవడను ముందుకు నిలిపి, నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డుపడకుండా చూసే పరికరాన్ని చేయించారు. అసలు ఓపిక కావలసింది ఆ తరువాతే: దవడను ఒక్కసారిగా కాక, మిల్లీమీటరులో కొంత కొంతగా ముందుకు జరుపుతూ, రెండు నెలలు సర్దుబాటు చేయవలసి వచ్చింది. ఉదయం కాసేపు పళ్లు సరిగా కలవనట్లు ఉండేది. ఆమె నేర్పిన వ్యాయామాలతో అది తగ్గింది. గురక ఆగిందని ఇంట్లోవారు ఎంతో సంతోషించినా, గురక ఆగినంత మాత్రాన జబ్బు అదుపులోకి వచ్చినట్లు కాదు కనుక, పరికరం పెట్టుకొనే మళ్లీ స్లీప్ స్టడీ చేయించుకున్నాను. ఈసారి ఆ సంఖ్య 6.