ట్రిప్టోఫాన్ జీవక్రియ, క్యాన్సర్ ఇమ్యునాలజీ: పరిశోధన ప్రారంభించడం ఎలా?

ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని కణాలు విడగొట్టే తీరు కణితులపై రోగనిరోధక ప్రతిస్పందనను ఎలా మారుస్తుందో పరిశీలించే ఈ రంగంలో పీహెచ్‌డీకి చేరినవారు మొదట చదవవలసినవి దీని దిశను మార్చిన నాలుగైదు మూల పత్రాలు. సమీక్షా వ్యాసాలు ఆ తరువాత చదివినా నష్టం లేదు. 1967లో క్యోటోలో ఒసాము హయాయిషి బృందం కుందేలు పేగులో గుర్తించిన, ట్రిప్టోఫాన్‌ను విడగొట్టి కైన్యురెనిన్ అనే పదార్థం వైపు మళ్లించే ఎంజైమును ఇప్పుడు ఐడీఓ1 అంటున్నాము. రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా ప్రభావంతో కణంలోని ట్రిప్టోఫాన్ విచ్ఛిన్నమై టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పెరుగుదల ఆగిపోతుందని 1984లో ఫెఫర్‌కార్న్ చూపారు. 1998లో అమెరికాలోని అగస్టాలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ బృందం గర్భంతో ఉన్న చిట్టెలుకలకు 1-మిథైల్ ట్రిప్టోఫాన్ ఇచ్చి ఈ ఎంజైమును అడ్డుకున్నప్పుడు, తండ్రి జన్యువులు వేరైన పిండాలను తల్లి టీ కణాలు (పరాయి కణాలపై దాడిచేసే రోగనిరోధక కణాలు) తిరస్కరించాయి. పిండాన్ని కాపాడే ఈ ఏర్పాటునే కణితులు కూడా వాడుకుంటున్నాయని 2003లో బ్రస్సెల్స్‌కు చెందిన వాన్ డెన్ ఐండే బృందం తేల్చింది. 2011లో హైడెల్‌బర్గ్‌లో ప్లాటెన్ బృందం మెదడు కణితుల్లో ట్రిప్టోఫాన్‌నే విడగొట్టే టీడీఓ అనే వేరొక ఎంజైము తయారుచేసే కైన్యురెనిన్, కణం లోపలి ఏహెచ్ఆర్ అనే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుందని వెల్లడించింది.

ఈ పత్రాలు చదువుతూ ఒక్కొక్కదానికీ ఒకే ప్రశ్న వేసుకోవాలి: టీ కణాలు కుంటుపడినది ట్రిప్టోఫాన్ తరిగిపోయినందువల్లనా, లేక కైన్యురెనిన్ పేరుకుపోయినందువల్లనా? మొదటిదైతే అమైనో ఆమ్లాల కొరతను పసిగట్టే జీసీఎన్2 వంటి వ్యవస్థలను, రెండవదైతే ఏహెచ్ఆర్‌ను పరీక్షించాలి. మీ ప్రాజెక్టు ప్రతిపాదనలో ఈ ఎంపిక స్పష్టంగా కనిపించకపోతే, నా దృష్టిలో అది ఇంకా ప్రతిపాదన కాలేదు.

(ట్రిప్టోఫాన్ నుంచి కైన్యురెనిన్ మీదుగా సాగే ఇదే మార్గం చివర నియాసిన్ అనే విటమిన్ తయారవుతుంది, అది కొరవడితే పెల్లాగ్రా అనే వ్యాధి వస్తుంది. దక్కనులో జొన్న తినేవారిలో పెల్లాగ్రా ఎందుకు వస్తుందో వివరిస్తూ, జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం కారణమని 1960లో గోపాలన్, శ్రీకాంతియా ప్రతిపాదించారు. ఆ పరిశోధన హైదరాబాదులోని నేటి జాతీయ పోషకాహార సంస్థ చరిత్రలో భాగం కనుక, మన విద్యార్థులు దానిని తప్పక చదవాలి.)

ప్రయోగశాలలో తొలి పనిగా కైన్యురెనిన్‌ను కొలవడం నేర్చుకోండి. హీలా కణాలకు (ప్రయోగశాలలో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) ఇంటర్‌ఫెరాన్ గామా ఇచ్చి 48 గంటలు ఉంచి, పైనున్న మీడియంను (కణాలను పెంచే పోషక ద్రవాన్ని) తీసి, ట్రైక్లోరోఅసెటిక్ ఆమ్లం కలిపి 50 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేస్తే, ఎంజైము మొదట తయారుచేసే ఫార్మైల్ కైన్యురెనిన్ పూర్తిగా కైన్యురెనిన్‌గా మారడంతో పాటు ప్రోటీన్లు కూడా అవక్షేపమవుతాయి. సెంట్రిఫ్యూజ్ చేశాక తేట ద్రవానికి అంతే పరిమాణంలో కైన్యురెనిన్‌తో కలిసి రంగునిచ్చే ఎర్లిక్ రీఏజెంటు కలిపితే పసుపు రంగు వస్తుంది. దానిని 490 నానోమీటర్ల దరిదాపుల్లో చదివి, తెలిసిన గాఢతల కైన్యురెనిన్‌తో గీసిన ప్రామాణిక రేఖతో పోల్చాలి.

చాలామంది తడబడేది మీడియం దగ్గరే. సాధారణంగా వాడే మీడియంలలో ఒకటైన ఆర్‌పీఎంఐ 1640లో ట్రిప్టోఫాన్ లీటరుకు 5 మిల్లీగ్రాములే, అంటే దాదాపు 25 మైక్రోమోలార్. మరో మీడియం డీఎంఈఎంలో 16 మిల్లీగ్రాములు, అంటే సుమారు 78. అందువల్ల ఆర్‌పీఎంఐలో ఎంజైము ఎంత చురుకుగా ఉన్నా కైన్యురెనిన్ ఆ 25 దగ్గరే ఆగిపోతుంది, రెండు మీడియంలలో వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం అర్థరహితం. కణాలు లేని మీడియంను కూడా అంతసేపూ ఇంక్యుబేటరులో ఉంచి, దాని విలువను తీసివేయాలి. నిరోధకాన్ని పరీక్షించేటప్పుడు బతికున్న కణాలను విడిగా లెక్కించకపోతే, కణాలు చచ్చిపోయి కైన్యురెనిన్ తగ్గినా మందు పనిచేసిందనే భ్రమ కలుగుతుంది. రోగుల ప్లాస్మాకు ఈ రంగు పరీక్ష సున్నితత్వం చాలదు. అక్కడ హెచ్‌పీఎల్‌సీ గానీ మాస్ స్పెక్ట్రోమెట్రీ గానీ కావాలి. కైన్యురెనిన్–ట్రిప్టోఫాన్ నిష్పత్తి పెరిగినంత మాత్రాన దానికి కారణం ఐడీఓ1 అని రాయకూడదు, ఎందుకంటే కాలేయంలోని టీడీఓ కూడా అదే పని చేస్తుంది.

ఇక చికిత్సల సాహిత్యానికి వస్తే, ఎకో-301 అనే క్లినికల్ పరీక్ష ఫలితాలను పట్టికలతో సహా చదవాలి. మెలనోమా ఉన్న 706 మందిపై జరిగిన ఈ మూడవ దశ పరీక్షలో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు ఐడీఓ1 నిరోధకమైన ఎపకాడోస్టాట్ జోడించినా వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం 4.7 నెలలే, పెంబ్రోలిజుమాబ్ మాత్రమే పొందినవారిలో అది 4.9 నెలలు. 2018లో ఈ వార్త వెలువడగానే పలు కంపెనీలు తమ ఐడీఓ కార్యక్రమాలను కుదించుకున్నాయి. ఆ తొందరపాటు సమంజసం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే రోగులను కణితిలోని ఐడీఓ1 ఆధారంగా ఎంపిక చేయలేదు, రోజుకు రెండుసార్లు ఇచ్చిన 100 మిల్లీగ్రాముల మోతాదు చాలిందా అన్న సందేహమూ తీరలేదు. కాబట్టి మీరు జంతు నమూనాలో ఏ నిరోధకాన్ని వాడినా, కణితి పరిమాణంతో పాటు కణితి లోపలి ట్రిప్టోఫాన్, కైన్యురెనిన్‌లను కూడా ప్రతి మోతాదు వద్దా కొలవండి. ఐడీఓ1ను మూసివేసినా ఏహెచ్ఆర్ చురుకుగానే కనిపిస్తే, టీడీఓతో పాటు, ఏహెచ్ఆర్‌ను ప్రేరేపిస్తుందని 2020లో వెల్లడైన ఐఎల్4ఐ1 అనే ఎంజైమునూ తప్పక పరీక్షించండి. అది ట్రిప్టోఫాన్‌ను కైన్యురెనిన్ మార్గానికి బదులు ఇండోల్ పైరువేట్ మార్గంలోకి మళ్లిస్తుంది కనుక, ఎర్లిక్ పరీక్షలో దాని పని కైన్యురెనిన్‌గా కనిపించదు.